పురిటి గదిలో పోయిన ఊదు

మాదాపూర్ ఆడవాళ్లకు ఊదు అంటే పీర్ల పండుగకు నిప్పుల మీద చల్లే పొడి కాదు. రుక్కమ్మ మూటలో ఉండే సీసా. బొటనవేలంత సీసా, దానికో గాజు బిరడా, లోపల ముదురు బెల్లప్పాకం రంగు నూనె. రుక్కమ్మ ఆ ఊరి మంత్రసాని. ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా ఆమెకే కబురు వెళ్లేది. వచ్చి, చేతులు కడుక్కుని, మూట విప్పి, ముందుగా ఆ బిరడా తీసి నొప్పులు పడే మనిషి మణికట్టు మీద ఒక్కసారి తాకించేది. అంతకు మించి వాడేది కాదు.

మొదటిసారి వాసన చూసినవాళ్లు మొహం పక్కకు తిప్పుకునేవాళ్లు. తడిసిన మేకలదొడ్డి వాసన, పచ్చితోలు వాసన గుప్పున కొట్టేది. కాసేపు ఓర్చుకుంటే ఆ మోటుదనం తగ్గి, పాత చెక్కపెట్టె మూత ఎత్తినట్టుండేది. ఆ పైన తేనె, ఎక్కడో లోపల గంధం, చివరికి వాన వెలిసిన అడవిలో సన్నగా లేచే పొగ లాంటిది. ఒంటి వేడికి అది మారుతూ పోయేది. నొప్పికీ నొప్పికీ మధ్య, ఇప్పుడేం వాసనొస్తున్నదో చెప్పమని రుక్కమ్మ అడుగుతూ ఉండేది. పళ్లు బిగబట్టుకున్న మనిషి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వెతుక్కునేది. అందులో మంత్రమూ మాయా లేవని రుక్కమ్మే చెప్పేది. భయపడ్డ మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని, దూలానికి కట్టిన తాడు కన్నా ఇది నయమని అనేది.

ఆ సీసా నిజాం కాలంలో ఆమె చేతికి వచ్చింది. అప్పట్లో దుర్గం చెరువు పక్కన, బండల మధ్య ఒక నవాబుగారి తోట బంగళా ఉండేది. ఎండాకాలం బేగంగారు చల్లదనానికి అక్కడికి వచ్చేది. ఒక ఏడాది, నెలలు నిండకుండానే ఆమెకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చేలోగా, ఇంకా పడుచుతనంలో ఉన్న రుక్కమ్మ, అత్త దగ్గర నేర్చిన పనంతా చేతుల్లోకి తెచ్చుకుని తల్లినీ బిడ్డనూ దక్కించింది. బేగంగారు బంగారు గాజులిచ్చింది. వాటితోపాటు, నొప్పులప్పుడు ముసలి దాసి తన కణతలకు రాసిన నూనె సీసా కూడా ఇచ్చింది. గాజులను రుక్కమ్మ మొగుడు ఏడాది తిరక్కుండా కల్లు దుకాణం పాలు చేశాడు. సీసా విలువ వాడికి తెలియలేదు కాబట్టి అది మిగిలింది.

అస్సాం అడవుల్లో అగరు చెట్టు నుంచి తీసిన నూనె అది అని బేగంగారు చెప్పింది. అన్ని చెట్లలోనూ ఉండదట. చెట్టుకు గాయమై, పురుగు తొలిచి, ఆ పుండు ఏళ్ల తరబడి లోపలే నల్లగా ముదిరితేనే చెక్కలో ఆ వాసన పుడుతుందట. అడవంతా తిరిగినా అలాంటి చెట్టు కనబడటం అదృష్టమేనట. ఆ చెక్కను నానబెట్టి, రాగి కాగుల్లో సన్నమంట మీద రోజుల తరబడి కాచి నూనె తీసిన ముసలాయన బేగంగారి నాయనమ్మ కాలంవాడు. రుక్కమ్మ చేతికి వచ్చేనాటికే నూనె వయసు ఆమె వయసును దాటింది. నిలవ ఉన్నకొద్దీ మోటు తగ్గి లోతు పెరుగుతుందని బేగంగారు అన్న మాట నిజమేనని రుక్కమ్మ ఏటేటా చూస్తూనే ఉంది. ఇన్నేళ్లలో సీసా సగానికి కూడా తరగలేదు.

ఎమర్జెన్సీ పెట్టిన మరుసటి ఏడు మాదాపూర్ చుట్టూ భూములు కొలవడం మొదలైంది. పట్నంలో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లకు కాలనీ వేస్తారని, చెరువు వైపున ఊరి పశువులు మేసే గైరాను అందులో కలిసిపోతుందని చెప్పుకున్నారు. గైరాను అంచునే చాకలివాళ్ల గుడిసెలూ వడ్డెరవాళ్ల గుడిసెలూ ఉన్నాయి. కొలతలకు వచ్చే ఆఫీసరు రామ్మోహనరావు కాకినాడ వైపు మనిషి. మదీనాగూడలో బొంబాయి సడక్ పక్కన ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాడు.

ఒక పొద్దున ఊరి పోలీసు పటేలు జంగారెడ్డి రుక్కమ్మ ఇంటికి వచ్చాడు. అంతకు ముందు ఆ గుమ్మం ఎన్నడూ తొక్కనివాడు అరుగు మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. పత్తర్‌గట్టీలో అత్తరు దుకాణం సేటును అడిగానని, అరబ్బు దేశాలవాళ్లు ఊదు నూనెను చుక్కల లెక్కన ఎగబడి కొంటున్నారని, ఇంత పాతది ఇప్పుడు నవాబుల దేవిడీల్లో కూడా లేదని చెప్పాడు. రామ్మోహనరావుకు పైనున్న పెద్దసారుకు అదంటే ప్రాణమట. ఆ సీసా కానుకగా పోతే గుడిసెలు కొలతలోంచి తప్పిపోతాయట.

“ఊరి కోసం అడుగుతున్న రుక్కమ్మా, నా కోసం కాదు.”

“ఊరి కోసమైతే ఊరి ముందట అడుగు పటేలా,” అంది రుక్కమ్మ. “గుడిసెలోళ్లను గూడ పిలువు. ఇయ్యాల్నో వద్దో వాళ్లే చెప్తరు.”

జంగారెడ్డి నవ్వి లేచిపోయాడు. ఊరి ముందు మాత్రం అడగలేదు.

అయినా ఆ మాట రుక్కమ్మను కొన్నాళ్లు తొలిచింది. నిజంగానే గుడిసెలు నిలిచేవేమో, తానే మొండికేసిందేమో అనిపించింది. ఆ గుడిసెల్లో ఉండే చాకలి నీలమ్మ బట్టలకు వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పింది. నీలమ్మ ముప్పయ్యేళ్ల మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. ఈ ఆఫీసరుకు నూనె ఇస్తే రేపొచ్చే ఆఫీసరుకు ఏమిస్తావని అడిగింది. పటేలు నోటి నుంచి మా గుడిసెల మాట రావడం ఇదే మొదటిసారి, అందుకే భయమవుతున్నదని కూడా అంది. రుక్కమ్మ మనసు కుదుటపడింది.

వానలు మొదలైన రోజుల్లో పటేలు కోడలు రత్నమాలకు నొప్పులు వచ్చాయి. మొదటి కాన్పు నార్సింగిలో పుట్టింటి దగ్గర జరిగింది. ఇది రెండోది. తెల్లవారగానే కబురొస్తే రుక్కమ్మ మూట తీసుకుని వెళ్లింది. పటేలు భార్య భాగ్యమ్మ వేన్నీళ్లు పెట్టించి గదిలోనే ఉంది. భాగ్యమ్మకు రుక్కమ్మ కొత్త కాదు. రత్నమాల మొగుణ్ని భాగ్యమ్మ కడుపులోంచి బయటికి తీసింది కూడా ఈ చేతులే.

కాన్పు కష్టమైంది. మధ్యాహ్నం దాకా రత్నమాల చెయ్యి ముక్కుకు ఆనించుకుని, తేనె, చెక్క, పొగ అని అడిగినదానికల్లా గొణుగుతూ వచ్చింది. తర్వాత గొణగడానికి కూడా ఓపిక లేకపోయింది. చివరికి ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు చుట్టుకుని ఒళ్లు నీలంగా ఉంది, ఏడుపు లేదు. రుక్కమ్మ పేగు తప్పించి, పిల్లను మూలకు తీసుకుపోయి, ముక్కూ నోరూ తుడిచి, వీపు రుద్ది, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఆ కాసేపూ ఆమెకు ఈ లోకం లేదు. పిల్ల కేరుమన్నాక గానీ రుక్కమ్మ తల ఎత్తలేదు.

తల్లిని శుభ్రం చేసి, పిల్లను పక్కలో వేసి, మూట సర్దుకోబోతే ముడి వదులుగా ఉంది. సీసా లేదు. మంచం కింద చూసింది, చాప ఎత్తి చూసింది. బాలింత బెదురుతుందని గదిలో ఏమీ అనలేదు. బయటికి వచ్చి, మెల్లగా భాగ్యమ్మను అడిగింది. భాగ్యమ్మ నీళ్ల కాగు వైపు చూస్తూ తనకేమీ తెలియదంది. ముందు వాకిట్లోంచి జంగారెడ్డి అందుకున్నాడు. మైల బట్టలకని నీలమ్మ వచ్చి పోయింది కదా, దాన్ని అడగమన్నాడు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున నీలమ్మను కచ్చీరుకు పిలిపించారు. కచ్చీరంటే పటేలు ఇంటి ముందున్న పెద్ద అరుగే. నీలమ్మ అక్కడ నిలబడి ఉండగానే పటేలు మనుషులు ఆమె గుడిసె సోదా చేశారు. ఉతికి మడతపెట్టిన ఊరి బట్టలు బురదలో పడేశారు, గింజల కుండ బోర్లించారు. ఏమీ దొరకలేదు. దొరకకపోతే అమ్ముకున్నట్టే లెక్క అన్నాడు జంగారెడ్డి. నీలమ్మ ఏడవలేదు. తాను గడప అవతలే నిలబడితే భాగ్యమ్మే మైల బట్టలు మూట కట్టి బయట పెట్టిందని, లోపలికి కాలు పెట్టలేదని చెప్పింది. ఎవరూ విననట్టే ఊరుకున్నారు.

కబురు తెలిసి రుక్కమ్మ పరుగున వచ్చింది. తన వస్తువు పోతే, తాను నోరెత్తి అనని పేరు మీద ఊరు కూర్చుని తీర్పు చెప్పడమేమిటని అడిగింది. జంగారెడ్డి అరుగు దిగి వచ్చి, ఆడదానివి, పెద్దదానివి, ఇంటికి పొమ్మని ఆమె మొహం ముందు వేలు ఆడించాడు.

ఆ వేలి నుంచి వాసన వచ్చింది. ఒక రోజు గడిచి, మోటుదనమంతా పోయి, ఒట్టి తేనే పొగా మిగిలిన ఊదు. బూడిదతో రుద్దినా సున్నంతో రుద్దినా ఒక పట్టాన పోని వాసన.

“నీ చెయ్యి అందరికీ చూపియ్యి పటేలా,” అంది రుక్కమ్మ. “అందర్నీ ఒక్కసారి వాసన చూడనియ్యి.”

జంగారెడ్డి మొహం నల్లబడింది. తన పెట్టెలో అత్తరు లేదా, తాను అత్తరు పూసుకోకూడదా అని కసిరాడు. రుక్కమ్మ చుట్టూ చూసింది. అక్కడున్న వాళ్లలో చాలామందిని పుట్టగానే తన చేతుల్లోకి తీసుకున్నది ఆమే. ఒకడు చెప్పు దులుపుకున్నాడు, ఒకడు బీడీ వెలిగించుకున్నాడు. ఎవరి కళ్లూ పైకి లేవలేదు. పటేలు మీద వచ్చిన కోపం కన్నా ఆ వంచిన తలలను చూస్తే వచ్చిన కోపం ఎక్కువైంది ఆమెకు. నీలమ్మ చెయ్యి పట్టుకుని అక్కడినుంచి తీసుకొచ్చేసింది.

ఇద్దరూ బురదలోంచి బట్టలేరారు. అప్పుడే పటేలు జీతగాడు వీరేశం కట్టెలకు పోతున్నట్టు అటు వచ్చి, నిన్న పొద్దుగూకే వేళ బండి మదీనాగూడకు తోలానని, దొర వెంట చిన్న పొట్లం ఉందని, అంతకు మించి తన్ను అడగొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

మరునాడు ఆదివారం. రుక్కమ్మా నీలమ్మా పొద్దున్నే బయల్దేరి, బండల మధ్య బాట పట్టి, కొండాపూర్ దాటి మదీనాగూడ చేరారు. సడక్ మీద ఆఫీసరుగారి ఇల్లు అడగాల్సిన పని పెద్దగా పడలేదు. పెరట్లో తీగ మీద ఒక తెల్ల చొక్కా ఆరుతున్నది. గాలి అటునుంచి వీచగానే రుక్కమ్మ ఆగిపోయింది. గేటు దగ్గర నిలబడి పిలిచింది.

వాకిట్లో ముగ్గు పెడుతున్న ఇల్లాలు చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పేరు జయలక్ష్మి. ఎవరమ్మా మీరు అని అడిగింది. రుక్కమ్మ చొక్కా వైపు చూపించి, అది ఎవరి చొక్కా అని అడిగింది. జయలక్ష్మి విసుక్కుంది. తన భర్తదేనని, మొన్న ఎవరో పటేలు తెచ్చిన నూనె మణికట్టు పట్టీ మీద ఒలికిందని, రెండుసార్లు ఉతికినా పశువుల కొట్టం వాసన పోవడం లేదని, అసలు అదేం నూనో తెలియడం లేదని చెప్పుకుపోయింది.

“అది నా నూనె అమ్మా,” అంది రుక్కమ్మ.

జయలక్ష్మి వాళ్లను వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. రుక్కమ్మ జరిగినదంతా చెప్పింది. రత్నమాల నొప్పులు, పిల్ల ఏడవకపోవడం, మూటలో సీసా పోవడం, నీలమ్మ గుడిసె సోదా. గొంతు పెంచకుండా చెప్పింది. లోపల పేపరు చదువుతున్న రామ్మోహనరావు మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అంతా విని, ఎవరో కానుక తెస్తే అది ఎవరి సొత్తో తనకెలా తెలుస్తుందన్నాడు. గుడిసెలు కాపాడటానికే తీసుకున్నారట కదా సారూ అని నీలమ్మ అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. ఏ గుడిసెలు, గుడిసెల ఊసే రాలేదన్నాడు. చెరువు పక్క గైరానులో జంగారెడ్డి దున్నుకుంటున్న భూమి చెక్కను తన పేర రాయించమని మాత్రమే అడిగాడట. తన తప్పేమీ లేదని చెప్పుకోవడానికే ఆయన అది చెప్పాడు గానీ, చెప్పిన తర్వాత తానే తల దించుకున్నాడు.

“పురిటి మంచం దగ్గర తీసిందటండీ,” అంది జయలక్ష్మి నెమ్మదిగా. “ఇంట్లో ఎలా ఉంచమంటారు?”

“నాకేం తెలుసు?”

“ఇప్పుడు తెలిసింది కదండీ.”

ఆమె లోపలికి వెళ్లి బీరువాలోంచి సీసా తెచ్చి రుక్కమ్మ చేతిలో పెట్టింది. పెద్దసారుకు మర్నాడు ఇవ్వాల్సిన వస్తువది. రామ్మోహనరావు అడ్డు చెప్పలేదు. తన పేరు మాత్రం ఎక్కడా అనవద్దమ్మా అని బతిమాలాడు.

“చెప్త సారూ,” అంది రుక్కమ్మ. “ఎవలింట్ల దొరికిందని అడిగితే చెట్టు మీద దొరికిందని చెప్పాల్నా?”

తిరుగుదారిలో, కొండాపూర్ ఇవతల ఒక బండ నీడన కూర్చున్నారు. రుక్కమ్మ సీసా ఎండకు ఎత్తి చూసింది. నూనె ఉండాల్సినంతా ఉంది. రంగు మాత్రం పలచబడినట్టు అనిపించింది. బిరడా తీసి మణికట్టుకు తాకించుకుని ఎదురుచూసింది. దొడ్డి వాసన సగమే వచ్చింది. చెక్కపెట్టె తెరుచుకోలేదు. తేనె వచ్చే చోట జిడ్డుగా, పచ్చిగా, గానుగ దగ్గర కొట్టే వాసన వచ్చింది. చెయ్యి నీలమ్మ ముక్కు దగ్గర పెట్టింది. నీలమ్మ వాసన చూసి, రుక్కమ్మ కళ్లలోకి చూడలేక రోడ్డు వైపు చూసింది.

“పల్లి నూనె అవ్వా.”

జంగారెడ్డి సగం తీసుకుని, సగం పల్లి నూనె పోసి నింపాడు. రుక్కమ్మ బిరడా బిగించింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు.

“ఎత్తుకపోతే ఆశ అనుకుంట పిల్లా,” అంది. “ఏ అడవిల ఏ చెట్టుకు దెబ్బ తాకెనో. ఆ ముసలాయన కాచిండు, బేగం దాచింది, నేను దాచిన. వీడు పల్లి నూనె పోసిండు. వీనికి చెయ్యెట్ల వచ్చిందే?”

ఆ సాయంత్రమే రుక్కమ్మ కచ్చీరు ముందు నిలబడింది. ఈసారి తోడు నీలమ్మ ఒక్కతే కాదు. చాకలివాళ్లు, వడ్డెరవాళ్లు వెంట వచ్చారు. గైరాను చెక్క సంగతి అప్పటికే గుడిసెలన్నీ పాకింది. ఆ కబురు విని, ముందురోజు తలలు వంచుకున్నవాళ్లు కూడా వచ్చి కాస్త దూరంలో నిలబడ్డారు. రుక్కమ్మ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని, అది ఎవరి ఇంట్లో దొరికిందో, ఎవరు తీసుకుపోయి ఇచ్చారో, ఎందుకిచ్చారో, అందులో ఏం పోశారో దాపరికం లేకుండా చెప్పింది. ఆఫీసరు పేరు కూడా చెప్పింది.

జంగారెడ్డి అరుగు మీంచి లేవలేదు. ఆఫీసర్ల మీద నిందలేస్తే ఎమర్జెన్సీలో లోపలేస్తారని, వారంట్లు కూడా అక్కర్లేదని అన్నాడు. ఎవరో ఆంధ్రావాడి పెళ్లాం చెప్పిన మాట పట్టుకుని ఊరి పటేలును దొంగను చేస్తారా అని జనాన్ని అడిగాడు. సీసా ఎట్లాగూ దొరికింది, ఇక ఇళ్లకు పొమ్మన్నాడు. దూరంగా నిలబడ్డవాళ్లలో కొందరు కదిలారు కూడా.

అప్పుడు పటేలు ఇంటి తలుపు తెరుచుకుంది. రత్నమాల బయటికి వచ్చింది. చెవులకు గుడ్డ కట్టుకుని, ఒక చేత్తో పిల్లను ఎదకు హత్తుకుని, గోడ పట్టుకుని నడుస్తున్నది. పురుడు తీరని బాలింత గడప దాటడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. వెనక నుంచి భాగ్యమ్మ కొంగు పట్టి లాగుతుంటే విదిలించుకుంది. గోడకు ఆనించిన చేతి గుప్పిట్లో చిన్న మందు సీసా ఉంది. రుక్కమ్మ ఎదురెళ్లి ఆమెను పట్టుకుంది.

“అవ్వా, నీ నూనె ఇగో,” అంది రత్నమాల. మాట సన్నగా ఉన్నా అందరికీ వినబడింది. “మా మామ పెట్టెల ఉండె. మొన్నటి నుంచి ఇల్లంత అదే వాసన. మా అత్త నీ మూట విప్పంగ నేను మంచం మీద పండుకునే చూసిన. గుడ్డ కోసమేమో అనుకున్న.” కాసేపు ఊపిరి తీసుకుంది. “అప్పటికి ఈ పిల్ల ఇంక ఏడ్వనే లేదు.”

రుక్కమ్మ భాగ్యమ్మ వైపు చూసింది. తాను నీలం రంగు పసిగుడ్డును ఊపిరి ఊది బతికిస్తుంటే, ఆ పిల్ల నాయనమ్మ పక్కనే వంగి మూట వెతుకుతున్నది. చనిపోయిందో బతికిందో కూడా చూడలేదు. అంతవరకూ ఆమెకున్న కోపం నూనె గురించి. ఇప్పుడు నూనె మాటే మరిచిపోయింది.

ఆమె జంగారెడ్డి ముందుకు వెళ్లి, పల్లి నూనె పోసిన సీసాను అరుగు మీద పెట్టింది.

“ఇది నీ సరుకు. ఉంచుకో. నాకేమీ చెప్పనక్కర్లే. నీలమ్మ ముందట నిలవడి, నువ్వు దొంగవు కావు, నేనే అని చెప్పు. గంతే.”

జంగారెడ్డి లేచాడు. చెబుతాడని అందరూ అనుకున్నారు. తువ్వాల భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. మిగిలిన భాగ్యమ్మ అరుగు దిగి వచ్చి, నీలమ్మ ముందు నిలబడి, నువ్వు తియ్యలేదు, నేను తీసిన, ఆయన తెమ్మన్నడు అంది. ఆమె ఏడుస్తున్నది. రుక్కమ్మకు జాలి కలగలేదు. చెప్పాల్సిన నోరు లోపలికి పోయి దాక్కుంటే ఈమె నోటితో చెప్పించడం కూడా ఇంకొక అన్యాయంగానే తోచింది. నీలమ్మ మాత్రం తల ఊపి, కుండ పగిలింది, గింజలు బురదపాలయ్యాయి, వాటి సంగతి కూడా ఆయనకు చెప్పమంది.

రత్నమాల ఇక ఆ ఇంట్లోకి పోనంది. పురుడు తీరేదాకా రుక్కమ్మ ఇంట్లోనే ఉండి, తర్వాత నార్సింగి నుంచి తండ్రి బండి తెస్తే పిల్లలిద్దరితో పుట్టింటికి పోయింది. ఇదంతా జరిగినప్పుడు ఆమె మొగుడు ఊళ్లో లేడు, వరంగల్‌లో విత్తనాల పని మీద ఉన్నాడు. వచ్చి సంగతి విన్నాడు. తండ్రితో ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు. దసరా వెళ్లాక నార్సింగికే వెళ్లి, అక్కడే కౌలుకు పొలం చేసుకుంటూ ఉండిపోయాడు.

జంగారెడ్డికి గైరాను చెక్క రాలేదు. రామ్మోహనరావు ఆ ఫైలు ముట్టుకోవడానికే భయపడ్డాడట. కానీ గైరాను ఊరికి కూడా దక్కలేదు. చలికాలంలో మనుషులొచ్చి కొలతలు వేసి, చెరువు దాకా హద్దురాళ్లు పాతారు. గుడిసెలను ఇంకో బండ అవతలికి జరగమన్నారు. పటేలుకు జరిగిన శాస్తి చాలదా అని ఎవరైనా అంటే రుక్కమ్మ కస్సుమనేది. పటేలుగిరీ వాడి దగ్గరే ఉంది, అరుగూ వాడి దగ్గరే ఉంది, రేపు ఇంకొకరి గుడిసె సోదా చేస్తే మీరు మళ్లీ బీడీలే ముట్టించుకుంటారు అనేది. ఆ మాట పడినవాళ్లు ఎదురు చెప్పేవాళ్లు కాదు. వాళ్ల ఇళ్లల్లో కాన్పులకు ఆమె వెళ్లడం మాత్రం మానలేదు. మందు సీసాలో మిగిలిన ఊదునే తీసుకెళ్లేది. ఎవరి ఇంట్లోనైనా పని అయ్యేదాకా ఆ సీసాను మూటలో పెట్టడం మాత్రం మానేసి, రైక లోపల దోపుకునేది. తాను పురుడు పోసే ఇళ్లల్లో కూడా ఇట్లా దాచుకోవాల్సి వచ్చింది కదా అని ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది.

నీలమ్మ ఆ మర్నాటి నుంచే పటేలు ఇంటి బట్టలు ముట్టలేదు. బెదిరించారు, ఊళ్లోంచి వెళ్లగొడతామన్నారు. ఆమె వెనక మిగతా చాకలి ఇళ్లవాళ్లూ చేతులు కట్టుకున్నారు. జీతగాడి చేత మూట కొండాపూర్ పంపితే, అక్కడివాళ్లు సంగతి విని మూట విప్పకుండానే తిప్పి పంపారు. పట్నానికి పంపితే రెండుసార్లు ఉతికించుకున్నాక మూడోసారి పోయిన ధోవతులు తిరిగి రాలేదు. ఆ ఏడు జంగారెడ్డి కచ్చీరులో మాసిన ధోవతితోనే కూర్చుని తీర్పులు చెప్పాడు. రుక్కమ్మ ఆ దారిన పోయినప్పుడల్లా కావాలనే ఆగి, ఆ ధోవతి వైపు తేరిపార చూసి, అప్పుడు నడిచేది.